సినిమాలో అక్క

ఆసుపత్రిలో ఒకరోజు సెలవు పెట్టి, తమ్ముడు పంపిన పాసు మెడలో వేసుకుని చిత్రోత్సవానికి వెళ్లింది హెడ్ నర్సు. తమ్ముడు తీసిన సినిమా నాలుగింటికి. పాసు ఎలాగూ ఉంది కదా అని పొద్దున్నుంచే హాల్లో కూర్చుంది.

మొదటి సినిమాలో ఒక ముసలాయన గంటన్నరసేపు పడవ బాగుచేశాడు. పడవ నీళ్లలోకి దిగనేలేదు. పక్కసీటాయన కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడకు ఒళ్లు మండింది. రెండోదాంట్లో మాటలే లేవు. కెమెరా ఒక అమ్మాయి వీపు పట్టుకుని ఊరంతా తిరిగింది. మూడోది మాత్రం నచ్చింది. లాండ్రీలో ఇద్దరు ఆడవాళ్లు పొద్దస్తమానం తిట్టుకుంటూనే ఉంటారు, తడి దుప్పటి చెరోవైపు పట్టి పిండేటప్పుడు మాత్రం వాళ్ల చేతులకు ఆ తగవు గుర్తుండదు. 'తీసినవాడెవడో దగ్గరుండి చూశాడు' అనుకుంది.

తర్వాత తమ్ముడిది.

తెరమీద మంచాన పడ్డ తల్లి. ఒళ్లు తుడిచే కొడుకు, పక్క మార్చే కొడుకు. తల ఎత్తిపట్టకుండా నీళ్లు పోస్తే పొలమారుతుందని కూడా తెలియని కొడుకు. నర్సుకు నవ్వొచ్చింది. అమ్మ పోయేముందు మంచాన ఉన్న ఏడు నెలల్లో వాడొచ్చింది రెండుసార్లు. పళ్లు తెచ్చాడు, ఫొటోలు తీసుకుపోయాడు.

అరగంటకు తెరమీదికి అక్క వచ్చింది, చిటపటలాడే ముఖంతో. "ఇంకెన్నాళ్లమ్మా నాకీ చాకిరీ?" అంది తల్లితో. వెనక వరసలో ఎవరో "రాక్షసి" అన్నారు.

చాకిరీ అన్న మాట ఆవిడ అన్నదే. తన నడుం పడిపోయిన రోజున, ఒకే ఒక్కసారి నోరుజారింది. జారినందుకు తట్టుకోలేక తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చిందీ ఆవిడే.

చప్పట్లయ్యాక తమ్ముడు వేదికెక్కాడు. "ఇది నా సొంత జీవితం. ప్రశ్నలుంటే అడగండి" అన్నాడు. ఆవిడ లేచి మైకు అందుకుంది.

"అమ్మకు వీపున పుండు పడింది కదా, కుడిపక్కనా ఎడంపక్కనా?"

తమ్ముడి ముఖం పాలిపోయింది. "అంటే... కొంత కల్పన కూడా ఉందండీ" అన్నాడు, సొంత అక్కను పట్టుకుని.

"ఎడంపక్కన" అని మైకు ఇచ్చేసి బయటికి నడిచింది.

మెట్ల దగ్గర వాడు పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"నలుగురిలో పరువు తీశావు కదే! ఆ మాట అన్నావా లేదా?"

"అన్నాను. అన్నాక నా తల నిమిరిందిరా అమ్మ. చెయ్యి ఎత్తలేని మనిషి, ఎలా ఎత్తిందో ఎత్తి నిమిరింది. అది నీకు ఫోన్‌లో చెప్పలేకపోయాను."

వాడు తల దించుకున్నాడు. సిగ్గుపడుతున్నాడేమో అనుకుందావిడ.

"అయ్యో, అది అప్పుడే చెప్పుంటే పెట్టేవాణ్ణి కదే! ఎంత గొప్ప సీనయ్యేది!" అన్నాడు. "ఇంకా ఏమన్నా అందా?"

ఆవిడ చెయ్యి లేచింది. చుట్టూ జనాన్ని చూసి దించుకుంది.

"తప్పుకో" అంది.

ఆ సినిమాకు బహుమతి వచ్చింది. వాడు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటాడు, అమ్మ సంగతులు అడుగుతాడు. అవునంటుంది, కాదంటుంది, డ్యూటీకి వేళైందని పెట్టేస్తుంది. ఇంకో ముక్క మాత్రం వాడి చెవిన పడనివ్వదు.