ఇటువైపు కనబడని లింకు

సెల్వలక్ష్మి మళ్ళీ ముఖం కడుక్కుని వచ్చింది. గడ్డం కింద నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. బ్యాటరీ మీద కంప్యూటర్లు మాత్రం నడుస్తున్నాయి. కోవిల్‌పట్టి మెయిన్ రోడ్డు వెనక ఉన్న ఆ హాలు ఒకప్పుడు అగ్గిపెట్టెల గోడౌను. ఎండ ముదిరితే గోడల్లోంచి ఇప్పటికీ అగ్గిమందు వాసన వస్తుంది. లోపల డజనుమంది ఆడపిల్లలు తెరల ముందు తలలు వంచుకుని కూర్చున్నారు. ఎవరి వేళ్ళూ కదలడం లేదు.

"కార్తీశ్వరీ, ఆ పిల్లను తీసుకుని వెంటనే బస్సెక్కు," అన్నాడు ఫోనులో ఆనంద్‌కుమార్, తమిళంలో. ఆ ఆఫీసు యజమాని ఆయనే; ఉండేది విరుదునగర్‌లోని పెద్దాఫీసులో. "నేరుగా కోల్డ్ స్టోరేజీకే వచ్చెయ్యండి. ఎవరి చేతిలో జరిగిందని వాళ్ళ మేనేజరు గొంతు మీద కూర్చున్నాడు."

ఎవరి చేతిలో జరిగింది. ఈ మాట, ఆ హాల్లో అందరి పనీ చూసే కార్తీశ్వరి చిన్నప్పటి నుంచీ వింటోంది. వాళ్ళమ్మ ముత్తుప్పేచ్చి అగ్గిపెట్టెల కార్ఖానాలో పెట్టెల్లోకి పుల్లలు నింపుతుంది. నింపుతుండగా గుప్పెడు పుల్లలు అంటుకుంటే, మందు ఎవరు కలిపారని గాని, సరిగ్గా ఆరకముందే నింపమన్నది ఎవరని గాని అక్కడ అడగరు. ఎవరి చేతిలో అంటుకుందో అడుగుతారు. కాలిన సరుకు ఖరీదు ఆ చేతి కూలిలోంచే పోతుంది. ఇక్కడ ఏసీ పెట్టలేదు గాని కుర్చీలు పెట్టారు, మెడలో కార్డు వేశారు. మిగతాదంతా అదే పద్ధతి.

బస్సు సాత్తూరు దాటాక, కిటికీ వైపు చూస్తూనే, సెల్వలక్ష్మి తమ ఇంటి తెలుగులో అంది:

"అక్కా, నేను సూసే తీసినాను. దాని పేజీలో లింకు ఒగటి గూడా లే."

"తెలుసు పిళ్ళా."

"మరి ఎట్ల పోయె?"

ఆ జవాబు రెండేళ్ళుగా కార్తీశ్వరి గొంతులో ముల్లులా ఉన్నదే.

వాళ్ళ పని చెన్నై కంపెనీ ఒకటి ఆనంద్‌కుమార్‌కు ఇచ్చినది. వ్యాపారుల కంప్యూటర్ లెక్కలన్నీ ఇప్పుడు క్లౌడ్‌లో, అంటే ఎక్కడో అద్దెకు తీసుకున్న యంత్రాల్లో ఉంటాయి. ఒక క్లౌడ్‌లోంచి మరొక క్లౌడ్‌లోకి వాటిని మార్చాలంటే రెండింటికీ అర్థమయ్యే ఒకే పద్ధతిలో రాయాలి. ఆ పద్ధతికి ఒక స్టాండర్డ్ ఉంది. అందులో పని చేసే సర్వర్ ఒక వస్తువు, సమాచారం దాచే స్టోరేజ్ ఇంకొక వస్తువు. రెండింటినీ కలిపే లింకు కూడా దానంతట అదొక వస్తువే. దానికి సొంత చిరునామా ఉంటుంది. ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుందో, ఇప్పుడు నడుస్తోందో ఆగిందో దాంట్లోనే రాసి ఉంటుంది. అయితే ఆ రాత కనబడేది మొదలైన వైపే. సర్వర్ పేజీ తెరిస్తే ఇది ఫలానా స్టోరేజ్ మీద ఆనుకుని ఉందని తెలుస్తుంది. స్టోరేజ్ పేజీ తెరిస్తే తన మీద ఎవరు ఆనుకున్నారో ఏమీ ఉండదు.

ఆనంద్‌కుమార్ తాతల నాటి నుంచి అగ్గిపెట్టెల వ్యాపారంలో ఉన్నవాడు. పుల్లలు మందులో ముంచడం ఒక ఊళ్ళో, పెట్టెలు అంటించడం మరొక ఊళ్ళో, నింపడం ఇంకొక ఊళ్ళో చేయించడం వాళ్ళింటి విద్య. పని మొత్తం తెలిసిన మనిషి రేపు పక్కన కూర్చుని బేరమాడుతుంది. అందుకే ఈ కొత్త పనినీ అలాగే ముక్కలు చేశాడు. సర్వర్లు విరుదునగర్ అబ్బాయిలకు, స్టోరేజ్‌లు కోవిల్‌పట్టి ఆడపిల్లలకు. ఒకరి పేజీలు ఒకరికి తెరుచుకోవు. చెన్నై వాళ్ళు సర్వర్‌కు ఇంత, స్టోరేజ్‌కు ఇంత అని లెక్క కడతారు. లింకుకు పైసా లేదు. పైసా లేని పని ఎవరిదీ కాకుండా పోయింది.

కిందటి వారం ఆయన ఒక జాబితా పంపి ఫోన్ చేసి, ఇందులో లింకు కనబడని స్టోరేజ్‌లకు ఊరికే అద్దె పడుతోంది, అన్నీ తీసెయ్యమన్నాడు. సర్వర్ వైపు ఒకసారి చూడనివ్వమని కార్తీశ్వరి అడిగింది. మీ పేజీలో ఉన్నది చాలు అన్నాడు. సెల్వలక్ష్మి తన వాటా తీసేస్తూ పోయింది. తీసెయ్యనా అని తెర అడిగింది, ఆమె అవునంది. అందులో నిన్న సాయంత్రం తీసినది ఒకటి విరుదునగర్ కోల్డ్ స్టోరేజీ వాళ్ళది. ఏ రైతు మూట ఏ గదిలో ఏ వరసలో ఉందో అంతా అందులోనే ఉంది.

ఇదంతా కార్తీశ్వరి తనకు తెలిసిన మాటల్లో చెప్పింది. సెల్వలక్ష్మి కిటికీ నుంచి ఇటు తిరిగింది.

"అంటే ఆ సర్వర్ ఇంకా దాని కోసరం వెతుకుతానే ఉండాదా?"

"ఊ. లింకు అట్లనే ఉండాది. అది సూపించే చోటే లే."

సెల్వలక్ష్మి మెడలోని కార్డు తిప్పి చూసుకుంది.

"మన మాదిరే. నా మెడలో కంపెనీ పేరుండాది. కంపెనీనడిగితే మాయాండి తెచ్చిన మనిసి అంటారు. మాయాండినడిగితే ఎవురా పిళ్ళ అంటాడు."

మాయాండి మనుషులను కుదిర్చే కాంట్రాక్టరు. నవ్వు రావలసిన మాటే. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

కోల్డ్ స్టోరేజీ గేటు ముందు లారీలు, మినీ వ్యాన్లు, ఎండలో నిలబడ్డ రైతులు. ఎక్కడ చూసినా మిరపకాయల ఘాటు. ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని ఇద్దరూ తమలో తాము మాట్లాడుకుంటూ లోపలికి పోతుంటే, గోడ నీడన కూర్చున్న ముసలామె పిలిచింది. విళాత్తికుళం వైపు మనిషి. పేరు బొమ్మక్క.

"ఏమ్మే, కంప్యూటరు పిళ్ళలా మీరు?"

"ఎట్ల కనుక్కుంటివి అవ్వా?" అంది కార్తీశ్వరి.

"మెడలో బిళ్ళేసుకుని ఇట్ల ఏడ్సే మొగాలు ఈడ ఇంకెవురివి? మిరక్కాయల ఘాటుకి మాకి కండ్లలో నీళ్ళొస్తాయి గాని మొగం ఇట్ల వాడదు." ముసలామె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మూటలు లోపలే ఉండాయి గదా. నా మూట మీద నేనే గుర్తు పెట్టినాను, సూపిస్తానంటే లోపలికి ఇడిసేది లేదంట. ఆ కంప్యూటరు పెట్టి చెప్పల్నంట. పెట్టికి నోరు పడిపోయిందంట. ధర ఈ పొద్దు ఉండాది. రేపు దాని మొగం ఎట్లుంటాదో ఎవురికి తెల్సు?"

"వారం ముందటి కాపీ ఉండాది అవ్వా. దాన్ని తెస్తారు."

"నేను మూటలు తెచ్చింది మొన్ననే గదమ్మా."

కార్తీశ్వరి ముందుకు నడిచింది. సెల్వలక్ష్మి మాత్రం అక్కడే ఒక క్షణం నిలబడిపోయింది. ముసలామె ఆమెను పైనుంచి కిందికి చూసి, "తిన్నావా?" అని అడిగింది. సెల్వలక్ష్మి తల అడ్డంగా ఊపి, పరుగులాంటి నడకతో వచ్చేసింది.

ఆనంద్‌కుమార్ లారీలు తూచే కాటా దగ్గర ఉన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. సెల్వలక్ష్మిని వరండాలో బల్ల మీద కూర్చోమని, కార్తీశ్వరిని పక్కకు పిలిచాడు. కోపంగా లేడు. అది చూసే ఆమెకు భయం వేసింది.

"నువ్వు ఏడాదిగా అడుగుతున్నావుగా, విరుదునగర్‌కు మార్చమని, సర్వర్ల పని చూపించమని? వచ్చే నెల వచ్చెయ్. జీతం అక్కడ సర్వర్లు చూసే విఘ్నేశ్వరన్‌తో సమానం. వాడికి పద్దెనిమిది వేలు."

కార్తీశ్వరికి పదకొండు వేలు. సెల్వలక్ష్మికి ఏడున్నర.

"నేనేం చెయ్యాలి సార్?"

"లోపలికొచ్చి ఆ పిల్ల పేరు చెప్పు. కోపంతో కావాలనే తీసేసింది, సెలవు ఇవ్వలేదని కసి పెట్టుకుందని చెప్పు. నేనంటే నమ్మరు. పైన పని చూసేదానివి, నువ్వంటే నమ్ముతారు."

"కావాలని చెయ్యలేదు సార్."

"నాకు తెలీదా? పొరపాటంటే నష్టం మన కంపెనీ కట్టాలి. కసితో చేసిందంటే ఆ పిల్ల సంగతి, స్టేషన్ సంగతి. ఒక ఫిర్యాదు రాస్తారు, రెండు నెలల్లో అందరూ మర్చిపోతారు. కంపెనీ మూతబడితే మీ డజనుమందీ ఎక్కడికి పోతారు, అది ఆలోచించు."

ఆమె ఆలోచించింది. ఆలోచించలేదని చెప్పుకోవడానికి లేదు. తెరకు అవతలి సగం చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. చీకట్లో ఏనుగు తోక పట్టుకున్నట్టు రెండేళ్ళు పనిచేసింది. పద్దెనిమిది వేలంటే అమ్మ కార్ఖానా మానేయవచ్చు. మిగతా పదిమంది పిల్లల పనీ నిలుస్తుంది. ఒక్క పేరు.

వరండాలో సెల్వలక్ష్మి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమెది బాణసంచా షెడ్ల ఊరు ఏళాయిరంపన్నై. వాళ్ళింట్లో బాణసంచా పనికి పోకుండా బయటపడ్డ మొదటి మనిషి. స్టేషన్‌లో పేరెక్కిన పిల్లను ఇంకే ఆఫీసూ గుమ్మం ఎక్కనివ్వదు. తనూ ఆ షెడ్డులోకే, ఆ మందు ముందుకే పోవాలి. ఇది రెండు నెలల్లో మర్చిపోయే సంగతి ఆనంద్‌కుమార్‌కే.

"రా, ఆలస్యమవుతోంది," అన్నాడాయన.

మేనేజరు సెందిల్‌కుమార్ గదిలో ఏసీ ఉంది, అయినా ఆయన చెమటలు తుడుచుకుంటున్నాడు. పొద్దుటి నుంచి రైతుల తిట్లు తిని గొంతు బొంగురుపోయింది. బల్లకు అవతల విఘ్నేశ్వరన్ లాప్‌టాప్ ముందు పెట్టుకుని, వారం కిందటి కాపీని ఎక్కిస్తున్నాడు. సర్వర్ల పనికి పెద్ద అతనే. నల్లరేగడి పొలాలున్న రైతు రంగసామి కొడుకు. కార్తీశ్వరి రాగానే తలెత్తి, వెంటనే దించుకున్నాడు.

"ఈమేనా?" అన్నాడు మేనేజరు.

"ఈమె పైన చూసే మనిషి. తీసేసిన పిల్ల బయట ఉంది. ఈమె చెబుతుంది," అన్నాడు ఆనంద్‌కుమార్.

మేనేజరు పెన్ను తీశాడు. "చెప్పమ్మా. ఎవరు, ఎందుకు తీసేశారు?"

"ఒకరు చేసింది కాదు సార్," అంది కార్తీశ్వరి.

"నాకు కథలొద్దు. బయట జనం తలుపులు విరగ్గొట్టేలా ఉన్నారు. నొక్కిన చెయ్యెవరిది?"

"నొక్కమన్న నోరు ఎవరిదో ముందు రాసుకోండి సార్. లింకు చూడకుండా నొక్కమన్నారు. సర్వర్ వైపు చూస్తే లింకు ఉంది. మాకు ఆ వైపు తెరుచుకోదు. తెరవమని అడిగాను, వద్దన్నారు."

ఆనంద్‌కుమార్ చిన్నగా నవ్వాడు. చిన్నపిల్ల తప్పు చదివినప్పుడు మేష్టరు నవ్వినట్టు ఉంది ఆ నవ్వు. "భయపడిపోయింది సార్. అలా అడిగినట్టు నాకేమీ గుర్తులేదు. లింకుల సంగతి ఈ ఆడపిల్లలకు తెలీదు, వాళ్ళ పని కాదు. కార్తీ, నేను బయట ఏం చెప్పాను? పిల్ల పేరు చెప్పి పో."

"చెప్పను సార్."

ఆనంద్‌కుమార్ ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళలోంచి మాత్రం పోయింది. ఈ ఉద్యోగంలో తనకింకేం మిగల్లేదని ఆమెకు తెలిసింది. విఘ్నేశ్వరన్ వైపు తిరిగింది.

రెండేళ్ళుగా అతనితో ఫోనులో మాట్లాడింది తమిళమే. ఒకసారి మాత్రం, ఫోన్ పెట్టెయ్యడం మరిచి అతను వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే విన్నది. అది తన ఇంటి మాటే. విన్నట్టు ఆమె చెప్పలేదు. పొలాలున్న ఇంటివాడు, కూలి ఇంటిదానితో ఆ మాట కలపడం అతనికి ఇష్టమో కాదో తెలియదు. ఇప్పుడు అదేమీ చూసుకోలేదు.

"అన్నా, నీ పక్క ఆ లింకు ఉండె గదా," అంది తెలుగులో. "ఒగసారి సూపియ్యి అని నిన్నడిగితి గదా. సారు ఇయ్యొద్దన్నాడని నువ్వే గదా చెప్పితివి. ఆ మాట ఈడ చెప్పు. నాకోసరం వద్దు. బయట కూసోనుండే ఆ పిళ్ళ కోసరం చెప్పు."

విఘ్నేశ్వరన్ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. చెవులు ఎర్రబడ్డాయి.

ఆనంద్‌కుమార్ ఆమెను చూశాడు, అతన్ని చూశాడు. తన జీతం తినే ఇద్దరు మనుషుల మధ్య తనకు తెలియని మాట నడవడం ఆయనకు అదే మొదలు.

"తమిళంలో మాట్లాడు," అన్నాడు గట్టిగా.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఎవరూ పిలవకుండానే సెల్వలక్ష్మి లోపలికి వచ్చి, తలుపు మూసి, కార్తీశ్వరి పక్కన నిలబడింది. అంతా విన్నట్టే ఉంది ఆమె ముఖం. ఆమె వెంట కొంచెం మిరప ఘాటు కూడా లోపలికి వచ్చింది. మేనేజరు దగ్గాడు. దగ్గు ఆగాక పెన్ను మూత తీసి, విఘ్నేశ్వరన్ వైపు వంగాడు.

"తెలుగేగా అది? నీకు వచ్చినట్టుందే. ఆ అమ్మాయి ఏమందో నువ్వు చెప్పు తమ్ముడూ. ఉన్నదున్నట్టు చెప్పు, రాసుకుంటాను."

విఘ్నేశ్వరన్ లాప్‌టాప్ మూత మెల్లగా కిందికి దించాడు. ఆనంద్‌కుమార్ కుర్చీలోంచి లేచాడు. ఇద్దరు ఆడపిల్లలూ రెప్ప వెయ్యకుండా విఘ్నేశ్వరన్ నోటివైపే చూస్తున్నారు.