పంకజం ఒడి అడుగున

మాధవరం పాలకాలనీలో వరదరాజులు ఇంట్లో ఎవరు స్నానానికి పోయినా ముందు పంకజం దగ్గరికి పోయేవాళ్లు. వరదరాజులు వాచీ, ఆయన భార్య అలమేలు గాజులు, కొడుకు యువరాజ్ కళ్లద్దాలు అన్నీ ఆమె ఒడిలో పడేవి. పంకజం వరదరాజులుకు అక్క. నలభై ఏడేళ్లు. ఆమె ఒడిలో ఎంత పెట్టినా పట్టేది. లేచి నడవాల్సి వస్తే కొంగు మడిచి నడుముకు చెక్కుకునేది. ఎవరేది అడిగినా చెయ్యి పెట్టి తీసిచ్చేది. కొందరిళ్లల్లో బావి ఉంటుంది, కొందరిళ్లల్లో ఫోను ఉంటుంది, వీళ్లింట్లో ఒడి ఉంది, అంతే అనుకునేవాళ్లు వీధిలో. పక్కింటి పచ్చయమ్మ కొళాయి దగ్గరికి పోతూ తాళంచెవులు ఆమె ఒడిలోనే వేసి పోయేది. ఒకసారి మొగుడు తాగొస్తే, తెల్లారేదాకా వాణ్ణి కూడా అందులో ఉంచుకోమని అడిగింది. పంకజం ఒప్పుకోలేదు. అదొక్కటే ఆమె జన్మలో కాదన్నది.

ఆ ఒడి అట్లా అయింది తొమ్మిదో ఏట. తేనాంపేట ఎగ్జిబిషన్‌లో వాళ్ల నాయన రాట్నం ఎక్కిస్తానని టికెట్టు కొని ఆమె చేతిలో పెట్టాడు. మరుక్షణమే నాలుగేళ్ల వరదరాజులును కూడా అప్పగించాడు. "రెండు నిమిషాలు తమ్ముణ్ణి పట్టుకోమ్మా, బీడీ తాగొస్తా" అన్నాడు. రెండు చేతులూ కావాలి కదా, టికెట్టు ఒడిలో వేసుకొని దానిమీద తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుంది. నాయనకు బీడీ దగ్గర స్నేహితుడు దొరికాడు. ఆయన వచ్చేసరికి రాట్నం ఆగిపోయింది. ఆ తర్వాత టికెట్టు మీద ఏదో ఒకటి పడుతూనే వచ్చింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు గొడుగు, చేతిసంచి, ఒక చంటిబిడ్డ ఆమె ఒడిలో పెట్టి కాఫీ తాగి, పోతూపోతూ అన్నీ గుర్తుగా తీసుకున్నారు. పెళ్లికూతురు మాత్రం వాళ్లకు గుర్తుకు రాలేదు.

ఒక్కసారి రాట్నం ఎక్కాలని పంకజానికి అప్పటినుంచీ ఉంది. సామాన్లతో ఎక్కనివ్వరు. ఆమె సామాను పట్టుకునే మనిషి ఊళ్లో లేడు.

తొంభై అయిదో సంవత్సరం, ఒక ఆదివారం, వరదరాజులు అందరినీ సముద్రం రోడ్డులోని మాయాలోకానికి తీసుకుపోయాడు. అది సిమెంటు రాక్షసుడి నోట్లోంచి లోపలికి పోయే చోటు. రాక్షసుడికి రెండు పళ్లు రాలిపోయి ఉన్నాయి. వ్యానులో కూతురు శ్రీప్రియ, అల్లుడు శివరామ్, వాళ్ల ఆరునెలల పాప కూడా ఉన్నారు. పాప అప్పటికే పంకజం ఒడిలో ఉంది.

"అత్తా, వచ్చే శుక్రవారం మంచిదంట. మీరు మా షోళింగనల్లూరు ఇంటికి వచ్చేయండి" అన్నాడు శివరామ్ పంకజంతో. "మాకిద్దరికీ ఆఫీసు. పాపకి ఒడి కావాల గదా."

"తీసుకోపోండి మాప్పిళ్లై" అంది అలమేలు అల్లుడితో. "దీపావళికి మాత్రం ఈడికి పంపించండి. ఆ రోజు సామాను ఎక్కువుంటాది."

"ఎన్నేళ్లకి?" అన్నాడు వరదరాజులు.

"పాప కాలేజీకి పోయేదాకా ఉంటే చాలు మామా."

గ్రైండరును అల్లుడింటికి పంపేటప్పుడైనా ఎవరో ఒకరు జాగ్రత్త అంటారు. పంకజం కిటికీలోంచి సరుగుడు చెట్లు చూస్తూ కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

లోపల జెయింట్ వీల్‌కు ఎదురుగా ఒక సిమెంటు బెంచీ ఉంది. "ఈడ కూర్చో అక్కా, ఇప్పుడే వచ్చేస్తాం" అన్నాడు వరదరాజులు. చెప్పులు, పులిహోర క్యారియరు, కెమెరా, అలమేలు కట్టుడుపళ్లు ఒడిలో పడ్డాయి. రాట్నంలో అరిస్తే పళ్లు ఊడిపడతాయని ఆమె భయం. అందరూ పోయి అరిచి వచ్చారు, మళ్లీ అరవడానికి పోయారు. పోయిన ప్రతిసారీ ఏదో ఒకటి పెట్టి పోయారు. అది చూసి పక్కవాళ్లు కూడా పెట్టారు. పెరంబూరు అంతోని కుటుంబం నాలుగు సంచులు, ఎవరో కొత్తగా పెళ్లయినవాళ్లు పూలదండ. "ఆంటీ, కొంచెం చూసుకోండి" అన్నవాళ్లు కొందరు. ఆ మాట కూడా అననివాళ్లు ఎక్కువమంది.

మూడు గంటలకు అంతోని తల్లి తలనొప్పితో వచ్చి తన అమృతాంజనం సీసా అడిగింది. పంకజం చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పోయింది, దొరకలేదు. భుజం దాకా పోయింది. తమ్ముడి పలక తగిలింది, నాయన చేతికర్ర తగిలింది, ఎవరూ తీసుకోకుండా వదిలేసిన పెళ్లిచూపుల తమలపాకులు తగిలాయి. ఇంకా కిందకి పోతే ఒక చిన్న కాగితం తగిలింది.

తీసి చూసింది. గులాబీరంగు కాగితం. మడతలో కొంచెం వెచ్చగా ఉంది.

సీసా తర్వాత దొరికింది. ముసలామె నుదుటికి రాసుకుంటూ, "నువ్వు ఏదీ ఎక్కలేదా?" అని అడిగింది. జవాబు వినకుండానే పోయింది.

నాలుగింటికి ఇంటివాళ్లు ఆకలితో వచ్చారు. "వదినా, నా పళ్లు" అని అలమేలు చెయ్యి చాపింది.

"కూర్చోండి" అంది పంకజం.

"ఏందికి?"

"కూర్చోండి చెప్తా. వరదా, నువ్వు ఈ పక్క."

నలుగురినీ బెంచీమీద వరసగా కూర్చోబెట్టింది. శ్రీప్రియ పాపను ఆమె ఒడిలోంచి తీసి భుజాన వేసుకొని చివర కూర్చుంది. పంకజం ఒడిలోంచి ఒక్కొక్కటీ తీసి వాళ్ల ఒళ్లల్లో పెట్టడం మొదలుపెట్టింది. సామాను గడ్డాల దాకా వచ్చింది. యువరాజ్ తలమీద అంతోని సంచి పెట్టాల్సి వచ్చింది. నాయన చేతికర్ర వరదరాజులు చంకలో ఇరికించింది. చివరికి కొంగు దులిపింది. నాలుగు తమలపాకులు రాలాయి.

"అక్కా, యాడికి పోతావుండావు?" అన్నాడు వరదరాజులు, సామాన్ల వెనకనుంచి.

"రెండు నిమిషాలు పట్టుకో తమ్ముడూ. వస్తా."

జెయింట్ వీల్ దగ్గర కన్నియప్పన్ అనే ముసలాయన ఉన్నాడు. టికెట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఇద్దరిదమ్మా. పెద్దవాళ్లు ఒకరు, పిల్ల ఒకరు అని ఉండాది. ఇంకొకరేరీ?"

"మా నాయన. బీడీ తాగొస్తానని పోయినాడు."

"ఎప్పుడు?"

"యాభై ఏడులో."

కన్నియప్పన్ గేటు వైపు చూశాడు. "ఇంకొంచెంసేపు చూద్దామా?"

"వద్దులే అన్నా."

"ఒంటిగా ఎక్కకూడదమ్మా, పెట్టె ఒరుగుతుంది" అన్నాడు. పోయి ఇసకమూట భుజాన మోసుకొచ్చాడు. పెట్టెలో కూర్చున్న పంకజం అలవాటుగా మోకాళ్లు దగ్గరికి చేర్చి ఒడి సర్దుకుంది. ఆయన మూటను ఆమె ఒడిలో పెట్టలేదు. పక్కన కూర్చోబెట్టాడు.

రాట్నం లేచింది. పైన గాలి బాగా ఉంది. రాక్షసుడి బోడి నడినెత్తి కనిపించింది, దానిమీద కాకి గూడు కనిపించింది. ఆవల సముద్రం. చెప్పడానికి ఎవరూ లేరు గనక ఇసకమూటతో చెప్పింది: "సముద్రం చూడు." కింద బెంచీమీద ఇంటివాళ్లు సామాన్ల మధ్య చిన్నగా ఉన్నారు. తలలు ఎత్తి ఆమెనే చూస్తున్నారు. ఒక్కరూ చెయ్యి ఊపలేదు. ఒక్కరికీ చెయ్యి ఖాళీగా లేదు.

ఆమె దిగి వచ్చి కూర్చోగానే అలమేలు హాండ్‌బ్యాగు ఒడిలో పడేసింది. అది మోకాళ్లమీంచి జారి నేలమీద పడింది. క్యారియరు పెట్టారు. అదీ జారింది, పులిహోర మట్టిపాలైంది. యువరాజ్ కళ్లద్దాలు మాత్రం నిలిచాయి. అంత మాత్రం ఎవరి ఒడిలోనైనా నిలుస్తాయి.

శ్రీప్రియ పాపను గట్టిగా పట్టుకుంది. శివరామ్ మామగారి వైపు చూశాడు.

"శుక్రవారం... చూస్తాం అత్తా. ఫోన్ చేస్తాం."

మామగారింట్లో ఫోను లేదని అల్లుడికి తెలుసు.

తిరుగు దారిలో ఎవరి సామాను వాళ్లు పట్టుకున్నారు. వరదరాజులుకు చేతికర్ర ఎక్కడ పెట్టాలో తెలీక మాధవరం దాకా నిలబెట్టే పట్టుకున్నాడు. పంకజంతో ఏం చెప్పి ఏం అప్పగించాలో వాళ్లకు తెలీలేదు.

శుక్రవారం ఎవరూ రాలేదు. ఆ పొద్దున పంకజం చేతులు ఊపుకుంటూ మాధవరం బస్టాండుకు పోవడం పచ్చయమ్మ చూసింది. తాళంచెవులు ఇవ్వబోయి, జ్ఞాపకం వచ్చి, తన కొంగుకే ముడేసుకుంది.

మాయాలోకంలో జనం లేరు. కన్నియప్పన్ ఆమె దూరంనుంచి వస్తుండగానే చూశాడు. ఇసకమూట దుమ్ము దులిపి భుజానికెత్తుకున్నాడు.