తాళం, దువ్వెన, నది

స్కానింగు గది గుమ్మం దగ్గర చెల్లెలు పైట తడుముకుని నాలుగు గుండుసూదులు తీసి ట్రేలో పెట్టింది. ముప్ఫయ్యేళ్లుగా బట్టలు కుట్టే మనిషి ఒంటిమీద సూదులు లేకపోతేనే వింత.

"ఇంకేం లేవండీ," అంది.

స్కానింగు చేసే బట్టతలాయన చేతిలోని పరికరాన్ని ఆవిడ భుజాల చుట్టూ తిప్పాడు. జాకెట్టు అంచు దగ్గర అది కీచుమంది. మడతలో ఐదో సూది ఉంది.

"మా మిషను దగ్గర అబద్ధాలు చెల్లవమ్మా," అని నవ్వాడాయన. "లోపల పెద్ద అయస్కాంతం ఉంది. మీకంటే ముందు ఈ సూదే పరిగెత్తేది."

ఆవిడకి నవ్వు రాలేదు. నాలుగే అని ఒట్టేసి చెప్పమన్నా చెప్పి ఉండేది. అక్క కూడా మతిమరుపు జబ్బు మొదలైన కొత్తల్లో ఇలాగే ఒట్లు వేసేది.

అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసే టైలరింగు కొట్టు నడిపారు. అక్క కత్తిరింపు, చెల్లెలు కుట్టు. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు తీయకుండానే భుజం కొలత చెప్పేది అక్క. అలాంటిది ఏడేళ్ల కిందట ఒక కోటుకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. "ఇది తొడుక్కున్నాయన కుడిచేతికి సెలవు పో," అంది అక్క. అదే తప్పు మూడోసారి జరిగాక ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు అక్కకి చెల్లెలి మొహం గుర్తులేదు. "టైలరమ్మా" అని పిలుస్తుంది. తినిపించడం, జడ వేయడం, వీధిలోకి వెళ్లిపోకుండా తలుపు గడియ చూసుకోవడం, అన్నీ ఆ టైలరమ్మే చేస్తుంది. వాళ్లిద్దరికీ వెనకా ముందూ ఎవరూ లేరు. తనకీ అదే జబ్బు వస్తే అక్క గతేంటి? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కుట్టుమిషను మీద ఆవిడ కాలు ఆగిపోయేది.

నిరుడు ఈ పరిశోధన సంగతి తెలిసింది. జబ్బు పడ్డవాళ్ల తోబుట్టువుల మెదడుని ఏటేటా ఫొటో తీసి చూస్తారట. "జ్ఞాపకాలు దాచుకునే భాగం ఒకటుంది," అని డాక్టరమ్మ తన చిటికెనవేలు చూపించింది. "రమారమి ఇంత. వయసుతో అందరికీ కాస్త చిక్కిపోతుంది. జబ్బు వచ్చేవాళ్లకి తొందరగా చిక్కిపోతుంది. అందుకని ఏటా కొలుస్తాం."

కొలతల మాట చెల్లెలికి బాగానే అర్థమైంది. ఫలితం తెలుసుకుంటారా అని కాగితం మీద రెండు గడులున్నాయి. 'వద్దు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

ఆ రోజే మొదటి స్కానింగు చేసి, జ్ఞాపకశక్తి పరీక్ష కూడా పెట్టారు. ఒకమ్మాయి పదిహేను మాటలు మూడుసార్లు చదివి, అరగంట ఆగి తిరిగి చెప్పమంది. చెల్లెలు ఆమెకి మనసులో మాటలమ్మాయి అని పేరు పెట్టుకుంది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే పదకొండే వచ్చాయి. మిగతా నాలుగూ బస్సులో ఒకటొకటిగా గుర్తొచ్చాయి. వెంటనే కొలతల పుస్తకం చివరి పేజీలో అన్నీ రాసేసుకుంది. అప్పట్నుంచి ఏడాదిపాటు మిషను తొక్కుతూ, కాజాలు కుడుతూ పైకే వల్లించింది. తాళం, దువ్వెన, నది, గొడుగు, ఉంగరం... రోజూ పదిహేనూ వస్తే హమ్మయ్య అనుకునేది. ఇంకా ఏమీ కాలేదులే, నా బుర్ర గట్టిదే.

"కదలకండి. నలభై నిమిషాలు," అన్నాడు బట్టతలాయన. బల్ల ఆవిణ్ణి గొట్టంలోకి తీసుకెళ్లింది. ముక్కుకి జానెడు దూరంలో తెల్లటి గోడ. ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలైంది. ఇది ఇప్పుడు చూస్తోంది, ఐదో సూదిని పట్టుకున్నట్టే లోపలున్నదాన్నీ పట్టుకుంటుంది అనుకుంది. చేతిలో పెట్టిన రబ్బరు బంతి నొక్కితే బయటికి తీసేస్తారు. వేళ్లు దానిమీద బిగుసుకున్నాయి. నొక్కలేదు. కళ్లు మూసుకుని చదువుకుంది. తాళం, దువ్వెన, నది.

తర్వాత పక్క గదిలో మాటలమ్మాయి కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. "దీపం, తాడు, కాకి, గిన్నె..."

తాళమేది? దువ్వెనేది? ఇవి అవి కావు!

మూడుసార్లు చదివినా మాటలు చెవిదాకా వచ్చి జారిపోయాయి. అరగంటయ్యాక, "ఇప్పుడు చెప్పండమ్మా," అంది మాటలమ్మాయి.

"దీపం, తాడు, కాకి, గిన్నె..." తర్వాత ఖాళీ. ఆ ఖాళీలోకి పాతవి తోసుకొచ్చేశాయి. "గొడుగు, ఉంగరం, చీమ, అద్దం, నిచ్చెన..."

మాటలమ్మాయి కలం ఆపి తలెత్తింది. "ఇవి నిరుటివి కదమ్మా?"

దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు చెల్లెలు తల దించుకుంది. "ఏడాదంతా బట్టీ పట్టాను."

"అయ్యో! ఏటా ఒకరిద్దరు ఇలా చేస్తారు. అందుకే మాటలు మారుస్తాం. పాతవి అడ్డుపడ్డాయి కాబట్టి ఇవాళ్టి పరీక్షని లెక్కలోకి తీసుకోం. వచ్చేనెల మళ్లీ పెడతాను. ఈసారి మాత్రం ఏమీ రాసుకోకండి."

"అయినా పదిహేనూ గుర్తున్నాయిగా? ఏడాది తర్వాత కూడా! అది మంచిదే కదా?"

ఆ అమ్మాయి కాగితం మడిచింది. "రోజూ వల్లించినవి ఉండిపోతాయమ్మా. కొత్తవి లోపలికి వెళ్తున్నాయా లేదా అన్నదే మేం చూసేది."

తిరుగు బస్సులో చెల్లెలు ఆ మాటని పక్కకి నెట్టేసింది. ఏడాదిపాటు పదిహేను మాటలు పొల్లుపోకుండా దాచుకున్న బుర్రకి ఏమవుతుంది? ఏమీ కాదు.

కొట్టులో అక్కకి తోడు కూర్చున్న బొత్తాల కొట్టామె లేచింది. "వచ్చావా తల్లీ! మీ అక్క నా బొత్తాలన్నీ రంగుల ప్రకారం సర్దింది, మళ్లీ కలిపేసింది. జీతమివ్వకుండా ఇంత పని చేయించుకున్నది నేనొక్కదాన్నే."

"విసిగించిందా వదినా?"

"విసిగించడమా? పొద్దున్నుంచీ పాటే పాట. ఏం పాటో నువ్వే విను," అంటూ ఆమె వెళ్లిపోయింది.

కిటికీ దగ్గర అక్క గుడ్డముక్కలు మడత పెడుతోంది. కాలు నేల మీద ఆడిస్తోంది, కింద మిషను ఉన్నట్టే. ఆ కాలి ఊపుకి తగ్గట్టు సన్నగా పాడుతోంది.

"తాళం, దువ్వెన, నది, గొడుగు, ఉంగరం..."

చెల్లెలు గుమ్మంలోనే నిలబడిపోయింది. చీమ, అద్దం, నిచ్చెన, పొగ, కుర్చీ. అక్క ఎక్కడా తడబడలేదు. గుర్రం, గంట, దిండు, ఆకు, సబ్బు. పదిహేనూ అయిపోయాయి, ఏడాదంతా మిషను పక్కన కూర్చుని విన్నవే.

పొద్దున ఏం తిన్నదో చెప్పలేదు. కన్నతల్లి పేరు చెప్పలేదు. ఎదురుగా నిలబడ్డ చెల్లెలెవరో తెలియదు. అయినా పదిహేనూ ఉన్నాయి.

అయితే నా పదిహేనూ దేనికి రుజువు?

ఆవిడ మిషను ముందు కూర్చుంది. ఇవాళ్టి మాటలు గుర్తు చేసుకోబోయింది. దీపం. తాడు. కాకి. నాలుగోది రాలేదు. నాలుగోది ఉందని తెలుసు, అదేమిటో తెలియడం లేదు.

మాటలమ్మాయికి ఫోను చేసింది.

"అమ్మాయీ, నేను టైలర్ని. నిరుడు కాగితం మీద 'వద్దు' అని టిక్కు పెట్టాను. దాన్ని మార్చాలి."

"మార్చొచ్చమ్మా. కానీ తొందరపడి చెప్పకండి, రెండ్రోజులు ఆలోచించుకోండి," అంది మాటలమ్మాయి. "మంచైనా చెడైనా తెలిశాక వెనక్కి తీసుకోలేం."

"రెండ్రోజులాగితే మళ్లీ 'వద్దు' అంటాను. నాకు భయం ఎక్కువ. మా అక్కకి నేను తప్ప ఎవరూ లేరు. నేను మర్చిపోయేటట్టయితే, గుర్తున్నప్పుడే అక్కని ఎవరి చేతుల్లో పెట్టాలో చూసుకోవాలి. చెప్పెయ్యండి."

"సరే. మూడు వారాల్లో డాక్టరమ్మే కూర్చోబెట్టి చెబుతారు. కాగితం మీద సంతకం చెయ్యడానికి ఎల్లుండి పదింటికి రండి."

కొలతల పుస్తకం మొదటి పేజీలో 'ఎల్లుండి పది' అని రాయబోయి ఆగింది. రేపు చూస్తే ఎల్లుండి ఎప్పుడో ఎలా తెలుస్తుంది? దాన్ని కొట్టేసి తారీఖు వేసింది.

"టైలరమ్మా," అని పిలిచింది అక్క. "మా చెల్లెలు బుల్లి ఇంకా రాలేదేం?"

"వస్తుందిలే."

"దానికి భయమెక్కువ. ఒంటరిగా పంపకండి."

చెల్లెలు పుస్తకం మూసింది. అక్క మళ్లీ గుడ్డముక్క అందుకుని మొదలుపెట్టింది. "తాళం, దువ్వెన..." అని ఆగి, ఆటలో వంతు ఇచ్చినట్టు ఇటు చూసింది.

"నది," అంది చెల్లెలు, పుస్తకాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని.