తలుపు మీది పేరు

జంపక్క రెండో గంప నింపేసరికి తెల్లవారింది. చర్ల అవతల అడవిలో ఇప్పపూలు చీకటితోనే రాలతాయి. ఆలస్యమైతే పశువుల పాలు. నలభై అయిదేళ్ల నడుము వంచి ఒక్కొక్కటే ఏరుతుంది. తన గురించి చెప్పడానికి ఏమీ లేదంటుంది. పరిశోధన కోసం వచ్చిన శ్రావణి మాత్రం రెండేళ్లు ఆమె ఇంట్లో ఉండి, ఆ ఏమీ లేని మాటలనే టేపురికార్డరులో పట్టుకుంది.

ఇవాళ శ్రావణి వస్తోంది. పీహెచ్‌డీ అయింది, వరంగల్‌లో లెక్చరర్ కొలువు దొరికింది. "సూదిమందు ఎయ్యరాని డాక్టరమ్మవ్" అని జంపక్క ఆటపట్టించేది. ఆమె ఎదురుచూపంతా తన మాటలతో శ్రావణి రాసిన పుస్తకం కోసం. కొన్నేళ్ల కిందట జ్వరంతో ఉన్న కూతురు పుష్పను మంచం మీద దవాఖానాకు మోసుకుపోతుంటే వాగు దాటకముందే ప్రాణం పోయింది. ఎవరి ముందూ ఎత్తని ఆ సంగతి శ్రావణికి చెప్పింది. పుస్తకంలో పేరుంటే పిల్ల ఎక్కడో ఒకచోట ఉన్నట్టే అనుకుంది.

మధ్యాహ్నం నల్ల అట్ట పుస్తకం చేతికొచ్చింది. జంపక్కకు చదువు రాదు. బడికి పోయే రోజుల్లో పుష్ప తలుపు చెక్క మీద మేకుతో గీసిన తన పేరు, ఆ రెండక్షరాలే తెలుసు. వాటి కోసం వరుస వెంట వరుస వేలు పెట్టి వెతికింది. సగం పుస్తకం అయ్యాక శ్రావణి ఇక చూడలేకపోయింది.

"పేర్లు మార్చిన జంపక్కా. మా చదువులల్ల గదే రూలు. అడవిల పోడు సాగు సంగతులున్నయి గద, మీకు కేసులయితయని."

"నా బిడ్డకు ఏం పేరు పెట్టినవ్?"

"చాంది."

"గట్లయితే సచ్చింది ఎవరి బిడ్డనో అనుకుంటరు."

శ్రావణికి దుఃఖం పొంగుకొచ్చింది. కొలువు ఇంటర్వ్యూలో అందరూ మెచ్చుకున్నది ఆ అధ్యాయాన్నే. పేజీ తీసి, చాంది అన్న మాట పక్కన అసలు పేరు రాయబోయి పెన్ను ఆనించింది. జంపక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్ రాయకు చెల్లె. నీ కొలువుకేమన్న అయితది."

శ్రావణి ఆ పేజీ మూల మడిచి, పెన్ను అక్కడే వదిలి నాలుగు గంటల బస్సెక్కింది. మళ్లీ వస్తానంది. వరంగల్ ఎంత దూరమో జంపక్కకు తెలుసు. అయినా బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

ఇంటికొచ్చి తలుపు ముందు కూర్చుంది. చెక్కను చూస్తూ, పెన్నును కొడవలిలా పిడికిట బిగించి, పొద్దు వాలేదాకా తంటాలు పడింది.

గడపలో పుస్తకం తెరిచే ఉంది. శ్రావణి పెట్టిన చిన్న చుక్క దగ్గర, కాగితం చిరిగేంత ఒత్తిన రెండు వంకర అక్షరాలు.