వెనక్కి పోయిన ఒడిబియ్యం

కంప్యూటరు ఇంటికొచ్చిన నెలలోపే అమరేందర్‌కు కాలేజీ పని మీద మోజు పోయింది. కొత్తకోటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అతను లెక్కల సారు. పిల్లల మార్కుల పని ఇంట్లోనే చేసుకుంటానని తల్లి శ్యామలమ్మకు నచ్చజెప్పి హైదరాబాదు నుంచి దాన్ని తెచ్చుకున్నాడు కానీ, మార్కుల మొహం ఒక్కనాడూ చూసింది లేదు. బస్టాండు దగ్గర క్యాసెట్ల దుకాణం నడిపే వహీద్ ఓ రోజు, "సార్, గీ కార్డొక్కటి బిగిస్తే మీ పెండ్లి క్యాసెట్టు మొత్తం కంప్యూటర్లకొస్తది. మిక్సింగు మీరే జేసుకోవచ్చు, స్టూడియోతోని పనే లేదు" అన్నాడు. అంతే, అన్నం తింటూ కూడా అదే ధ్యాస.

పెళ్లయి ఆరేళ్లు. ఆ క్యాసెట్టు మొదటి సంవత్సరమంతా చుట్టాలిళ్లల్లో తిరిగింది. తర్వాత శ్యామలమ్మ బీరువాలో పట్టుచీరల కిందికి చేరింది. దాన్ని చూడనిది ఒక్క గుర్వమ్మే. అమరేందర్ భార్య అండాలుకు తల్లి.

గుర్వమ్మ క్యాసెట్టునే కాదు, పెళ్లినే చూడలేదు. భర్త పోయిన మనిషి. కట్టంగూరులో సొంత వాకిట్లో పందిరి వేసి, సొంత బిడ్డ పెళ్లి జరుగుతుంటే సామాన్ల అర్రలో కూర్చుంది. కన్యాదానం మరిది బుచ్చయ్య, తోటికోడలు లీలమ్మ చేశారు. సన్నాయి గట్టిగా ఊదితే, పుస్తె కడుతున్నారని తెలిసి, చేతిలోని అక్షింతలు ఎదురుగా ఉన్న గోడ మీద వేసింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. సాయంత్రం అర్ర ఊడ్చినప్పుడు చిన్నమ్మ లీలమ్మ చూసి అండాలుకు చెప్పింది.

అందుకే మిక్సింగు మాట వినగానే అండాలు మొదట అడిగింది ఒకటే.

"మా అమ్మను విలుస్త. తయారైనంక ఆమెకు మొట్టమొదట చూపెడదాం."

"పిలువు. ఎవరొద్దన్నరు?" అన్నాడు అమరేందర్.

కార్డు బిగించారు. వహీద్ దుకాణం నుంచే వి.సి.ఆర్. కిరాయికి వచ్చింది. కాలేజీ నుంచి రాగానే అమరేందర్ కంప్యూటరు ముందు, అండాలు వి.సి.ఆర్. పక్కన కింద. ఆపు అంటే ఆపాలి, నడుపు అంటే నడపాలి. కంప్యూటరులో జాగా తక్కువ కాబట్టి పెళ్లిని ముక్కలు ముక్కలుగా ఎక్కించుకోవాలి.

"ఆపు, ఆపు! ఎంత జెప్పినా లేటే నువ్వు. బ్రాహ్మడు సగం మంత్రం ఎక్కువ సదివిండు, చూడు."

"సదవనియ్యుండ్రి, మంచిదే గద. నా చెయ్యి కూరల ఉంటది, చెవు గీడ ఉంటది. ఎన్నని చూడాలె?"

ఎదురుకోళ్లు ఎక్కాయి. జీలకర్ర బెల్లం, పుస్తె, తలంబ్రాలు ఎక్కాయి. ఒకనాడు అప్పగింతలు వచ్చాయి. తెర మీద అండాలు తలవంచుకుని కూర్చుని ఉంది. పుట్టింటి బియ్యంతో ఒడి నింపి పంపాలి కనుక, లీలమ్మ దోసిళ్లతో ఒడిబియ్యం పోస్తోంది. ఆమె పక్కకు తప్పుకోగానే వెనక నుంచి ఒక మనిషి ముందుకు వచ్చింది. తెల్లటి జాకెట్టు, వెలిసిన నీలం చీర. దోసిలి నిండా బియ్యం. గుర్వమ్మ.

ఒడి మీదికి వంగబోయింది. అప్పుడే కెమెరా వెనక నుంచి ఒక గొంతు గట్టిగా వినబడింది.

"గామెను జర పక్కకు జరుగుమనుండ్రి. ఈడియోల వడ్తది."

దోసిలి అట్లాగే ఆగింది. కొన్ని గింజలు చాప మీద రాలాయి. గుర్వమ్మ కెమెరా వైపు ఒక్కసారి చూసి, తప్పు చేసిన పిల్లలాగా వెనక్కి నడిచి బొమ్మలోంచి వెళ్లిపోయింది.

అండాలు ఆపమనకుండానే ఆపింది. ఆ గొంతు ఎవరిదో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర లేదు. ఆరేళ్ల నుంచి మాటొచ్చినప్పుడల్లా శ్యామలమ్మ అనేది ఒకటే: "నీ తల్లిని ఎవరన్న వద్దన్నరా? నోరు దెరిచి ఒక్క మాటంటె అడుగు. ఆమెకామెనే పక్కకు వాయె." క్యాసెట్టేమో బీరువాలో ఉండిపోయింది; అని అని, విని విని, తానే తప్పుగా విన్నానేమోనని అండాలుకు కూడా అనుమానం పట్టుకుంది.

"గా మాట తీసెయ్యుండ్రి. బొమ్మ మాత్రం ఉంచుండ్రి" అంది చివరికి. "క్యాసెట్టు మొత్తంల మా అమ్మ ఉన్నది గీడొక్కతాననే."

అమరేందర్ తెర వైపే చూస్తూ, "చూద్దాం తీ" అన్నాడు.

చూద్దాం అంటే సరే అన్నట్టేనని అండాలు అనుకుంది. ఆరేళ్ల కాపురంలో ఆ మాటకు అర్థం తెలియకపోలేదు. అయినా అనుకుంది.

మిక్సింగు మొదలయ్యాక అమరేందర్ ఆమెను దగ్గరికి రానియ్యలేదు. "అయినంక చూద్దువు. ఇప్పుడే చూస్తే ఏం మజా ఉంటది?" అన్నాడు. లోపలి నుంచి ఒకటే సంగీతం. ఒకటి రెండుసార్లు శ్యామలమ్మ లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకోవడం అండాలు చూసింది. కొడుకు పని చూసి మురిసిపోతోందనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అందరినీ పిలిచారు. శ్యామలమ్మ చెల్లెలు నర్సింగమ్మ మక్తల్ నుంచి దిగింది. పక్కింటి వాళ్లు వచ్చారు. గుర్వమ్మ ముందురోజే వచ్చి, సకినాల డబ్బా వియ్యపురాలి చేతికిచ్చి, అప్పటి నుంచి వంటింట్లోనే తిరుగుతోంది. బొమ్మ మొదలవుతుందనగా వచ్చి గడప దగ్గర కూర్చుంది.

"గాడెందుకు వదినె, ముంగట్కి రా" అంది శ్యామలమ్మ, నలుగురూ వినేటట్టు.

"ఈడ మంచిగ కనపడ్తది తీ వదినె" అంది గుర్వమ్మ. కొంగుతో కళ్లు తుడుచుకుని, మెడ సాచి కూర్చుంది. టీవీ మీద ఇద్దరి పేర్లు గిరగిరా తిరుగుతూ వచ్చి ఒక గుండె బొమ్మలో ఇరుక్కున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"వారి నీ పాడుగాను! సినిమా తీసినట్టు తీసినవు గదరా అమరా" అంది నర్సింగమ్మ.

అమరేందర్‌కు ఆ పూట నేల మీద కాళ్లు ఆనలేదు. పెళ్లికొడుకు నాలుగు ముక్కలై నాలుగు మూలల నుంచి వచ్చి కలిశాడు. పెళ్లికూతురు పుస్తకంలో పేజీలా తిరగబడింది. పుస్తె కట్టే వేళకు తెర నిండా గులాబీలు కురిశాయి. గుర్వమ్మ ఇంకాస్త ముందుకు జరిగింది. పూలు కురుస్తూనే ఉన్నాయి. అవి ఆగేసరికి తలంబ్రాలు మొదలైపోయాయి.

అండాలు మనసు అక్కడ లేదు. అప్పగింతల కోసం చూస్తోంది.

వచ్చాయి. లీలమ్మ దోసిళ్లతో ఒడిబియ్యం పోసింది. పక్కకు జరగాల్సిన లీలమ్మ మళ్లీ అక్కడే ఉంది. ఈసారి ఒడిలోని బియ్యం గింజ గింజా పైకి లేచాయి. ధారగా పోయి లీలమ్మ దోసిట్లోకి చేరాయి. దోసిలి నిండింది, ఒడి ఖాళీ అయింది. మళ్లీ పోసింది, మళ్లీ వెనక్కి పోయాయి. వెనక నుంచి వీణ వాయిస్తోంది.



"ఓయమ్మ!" అంది నర్సింగమ్మ ఛాతీ మీద చెయ్యి వేసుకుని. "ఒడిబియ్యం ఎనుకకు దీసుకపోతున్నదేందే?"

"రివర్సు చిన్నమ్మా" అన్నాడు అమరేందర్ నవ్వుతూ. "గది ఎఫెక్టు. బొమ్మను ఉల్టా నడిపిస్తే గట్లొస్తది."

"నీ ఎఫెక్టు మన్నువడ! పుట్టింటోళ్లు ఒడి నింపుతరా, ఉన్నయి ఊడ్సుకపోతరా? ఆరేండ్లాయె, కోడలి ఒడిల ఒక్క కాయ కాసింది లేదు. మల్ల గిదొకటా?"

శ్యామలమ్మ మొహం మాడిపోయింది. "బందు జెయ్యి. ఎవడు పెట్టమన్నడు గిది? ఇప్పుడే తీసెయ్యి."

"తీస్తే ఆడ ఖాళీ వస్తదమ్మా. పాటకు సరిపోను బొమ్మ ఉండాలె గద. ఇంకేం పెట్టాలె ఆడ? ఉండె ఒక్క గా ముక్క..."

"గది వద్దు!" అంది శ్యామలమ్మ. "గది పెట్టద్దని ఆనాడే జెప్తిని గద నీకు!"

అన్నాక గానీ ఆమెకు తెలియలేదు ఏమన్నదో.

అండాలు లేచి నిలబడింది. "ఏది వద్దు అత్తమ్మా?"

శ్యామలమ్మ తానే లేచి టీవీ బందు చేసింది.

"ఎవరు ఏం అనలేదంటిరి గద. ఏమీ అనకపోతే, వద్దనేటందుకు గా ముక్కల ఏమున్నది?" అని మొగుడి వైపు తిరిగింది. "పెట్టుండ్రి. అందరు ఉన్నరు. క్యాసెట్టుల ఉన్నది నాకెర్కనే."

"యాడుంది క్యాసెట్టు?" అన్నాడు అమరేందర్ విసుగ్గా. "మంచి క్యాసెట్టని తయారైనదాన్ని దాని మీదనే ఎక్కిచ్చిన. పాతదింక ఎందుకు? కంప్యూటర్ల నుంచి కూడ తీసేసిన, జాగ చాలక."

అండాలు అతని మొహంలోకి చూసింది. అందులో తప్పు చేసిన జాడ ఏమీ లేదు. ఇంత కష్టపడి చేస్తే మెచ్చుకునేవాళ్లు లేరన్న బాధ మాత్రం ఉంది.

గడప దగ్గర నుంచి గుర్వమ్మ లేచింది. "ఊకో బిడ్డా. అల్లుడు మంచిపనే జేసిండు. గసొంటి మాట నలుగుట్ల మల్ల ఎందుకు? వదినె, నువ్వేం మనసుల వెట్టుకోకు. పోరికి తెల్వదు" అని, చాయ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. అవమానపడ్డ మనిషే క్షమించమని అడిగితే ఇక ఎవరికీ అనడానికి ఏమీ మిగలదు. పక్కింటివాళ్లు సకినాలు బాగున్నాయన్నారు.

మర్నాడు పొద్దున్నే గుర్వమ్మ బయలుదేరింది. హైదరాబాదు బస్సు కోసం అండాలు ఆమెను రోడ్డు దాకా తీసుకొచ్చింది. లారీలు దుమ్ము రేపుతూ పోతున్నాయి.

"తీసెయ్యొద్దని నేను జెప్పిన అమ్మా" అంది అండాలు. "మాట తీసేసి నిన్ను ఉంచుమన్న. ఇనలే."

"నన్ను ఉంచుకోని ఏం జేస్తవే? నా మొఖం నాకెర్క లేదా?" అంది గుర్వమ్మ. కాసేపు రోడ్డు వైపు చూసింది. "నేనొచ్చింది నీ మొఖం చూద్దామని. పుస్తె కట్టేటప్పుడు పిల్ల ఏడ్సిందా నవ్విందా అని ఆరేండ్ల సంది అనుకుంటున్న. ఒగలను అడిగితే బాగుండదాయె. గప్పుడే అల్లుడు పూలు కురిపిచ్చె. ఎంత మెడ సాచినా కనపడలే."

 ఆ క్యాసెట్టు అండాలు ఎన్నిసార్లు చూసిందో. వి.సి.ఆర్. పక్కన కూర్చుని తన చేత్తోనే ఆ ముక్క ఎక్కించింది. కానీ చూసిన ప్రతిసారీ అప్పగింతలు ఎప్పుడొస్తాయా అనే చూసింది. పుస్తె కట్టేటప్పుడు తన మొహం ఎట్లా ఉందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఇక చూద్దామన్నా ఎక్కడా లేదు.

"నవ్విన అమ్మా" అంది.

"నవ్వినవా?" గుర్వమ్మ మొహం విప్పారింది. "ఏది, ఎట్ల నవ్వినవు? ఓపారి చూపెట్టు."

దూరంగా బస్సు వస్తోంది. అండాలు పెదవులు కదిలించింది. గుర్వమ్మ ఆ మొహాన్ని పరీక్షగా చూసింది. బస్సు వచ్చి ఆగినా చూస్తూనే ఉంది.

"సరే తీ బిడ్డా" అని, సంచి చంకన పెట్టుకుని బస్సెక్కింది.