గాల్లోకి తెరుచుకునే తలుపు

రోజూ ఉదయం ఎనిమిదయ్యేసరికి టేపక్క పక్కింటివాళ్ళ వంటగది కిటికీలోంచి లోపలికి దిగుతుంది. ముందు కుట్టిన బట్టల మూట దిగుతుంది, తర్వాత కుడికాలు, ఆ తర్వాత మిగతా టేపక్క. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు అడిగితే ఆమే ఒక్క క్షణం ఆలోచించుకోవాలి.

"పాలు జాగ్రత్తండీ, వస్తున్నా" అని ముందే కేక వేస్తుంది. పొయ్యి దగ్గరున్నవాళ్ళు ఓ అడుగు పక్కకి జరుగుతారు.

వేరే దారి లేదు. వాళ్ళది మూడో అంతస్తులో మూల ఇల్లు. ఆ ఇంటి తలుపు తీస్తే నడవా ఉండదు, మెట్లు ఉండవు. ఎదురుగా గాలి ఉంటుంది, అల్లంత దూరాన కింద వీధి ఉంటుంది.

ఆ భవనంలో ఇరవై ఆరు ఇళ్ళు. వాచ్‌మన్ గదిలో మేకుకి తగిలించిన సంచిలో ఓ రంగుల క్యూబు ఉంది. దాన్ని ఎటు తిప్పితే భవనం అటు తిరుగుతుంది. ఒకరికి ఎండ కావాలి, ఒకరికి వీధిలో రొద పడదు. అలాంటివాళ్ళు వచ్చి చెబితే, వాచ్‌మన్ గంట కొట్టి, అందరూ గిన్నెల మీద మూతలు పెట్టుకునేదాకా ఆగి, ఓ వరస తిప్పుతాడు. నేల నేలగానే ఉంటుంది, గోడలు మాత్రం దిక్కు మారతాయి. "మొన్న మీరు మా పైన కదూ ఉన్నారు?" అని మెట్ల దగ్గర పలకరించుకుంటారు. ఎటు తిప్పినా అందరి తలుపులూ బుద్ధిగా నడవాలోకే వస్తాయి, ఈ ఒక్క ఇంటిది తప్ప. ముప్పై ఒక్కేళ్ళుగా ఇదే వరస. ఏ ఇల్లు పక్కకొస్తే ఆ ఇంటి వంటగదే వీళ్ళకి వీధిగుమ్మం.

ఆ వారం పక్కకొచ్చింది పళ్ళ డాక్టరు ఇల్లు. ఆవిడ భవనానికి కొత్త. టేపక్క దిగుతూ దిగుతూ చల్లారుతున్న పాలగిన్నెలో కాలు పెట్టింది. సాయంత్రానికల్లా మీటింగు పెట్టారు.

"రెండు వారాలు గడువిస్తున్నాం. ఆ తర్వాత ఎవరి వంటగదిలోంచీ నడక కుదరదు. తలుపు బాగుచేసుకోండి, లేదంటే ఇల్లు ఖాళీ చెయ్యండి" అన్నారు. ఇన్నేళ్ళు దారిచ్చినవాళ్ళు కూడా నేల చూపులు చూస్తూ చేతులెత్తారు.

టేపక్క తన ఇంటిని లెక్కేసుకుంది. అమ్మకీ నాన్నకీ డెబ్బై ఏళ్ళు. కుట్టుమిషను, ఇద్దరు ముసలివాళ్ళు, ఇంత సామాను. వీటితో ఎక్కడికి పోవాలి?

వాచ్‌మన్ తాత ఆమెని పక్కకి పిలిచాడు. "క్యూబు మొత్తం కలిపేస్తే ఏ ఇంటి చోటుకి ఆ ఇల్లు చేరుతుందమ్మా. మీ తలుపూ దారికొస్తుంది. నాకు తిప్పడం వచ్చు గానీ కలపడం రాదు."

మర్నాడే టేపక్క బొమ్మల కొట్టుకి వెళ్ళి ఏ భవనాన్నీ కదపని మామూలు క్యూబొకటి కొనుక్కుంది. కొట్టాయన గళ్ళ చొక్కా మనిషి. తీరిక ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ.

"నడిముక్కలు ఎప్పటికీ చోటు మారవు. ఏ ముఖం ఏ రంగో వాటిని చూసి తెలుసుకో" అన్నాడు. "మూలముక్కకి మూడు రంగులు, అంచుముక్కకి రెండు. ఒక ముఖం కుదిరిందని సంబరపడి దాన్నే పట్టుకు కూర్చోకు. తర్వాతి వరస కోసం దాన్ని కాసేపు చెడగొట్టాలి, చెడగొట్టి మళ్ళీ తెచ్చుకోవాలి. అందుకు భయపడేవాళ్ళకి ఇది రాదు."

టేపక్క దాన్ని చొక్కా కుట్టినట్టే నేర్చుకుంది. కత్తిరించే బల్ల మీద సుద్దతో రాసుకుంది: కుడి పైకి, పైది ఎడమకి, కుడి కిందికి, పైది కుడికి. మిషను తొక్కుతూ అదే గొణుక్కునేది. నాలుగో రోజుకి మొదటి వరస కుదిరింది. ఎనిమిదో రోజుకి రెండోది. మూడో వరస దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. ఒక పెళ్ళికొడుకు కోటుకి రెండు చేతులూ ఎడమచేతులే కుట్టింది. పదకొండో రోజు మధ్యాహ్నం ఆరు ముఖాలూ ఒక్కసారిగా కుదిరేసరికి తనే నోరు వెళ్ళబెట్టి చూసుకుంది.

పన్నెండో రోజు వాచ్‌మన్ గంట కొట్టాడు. టేపక్క వీధి మెట్ల మీద కూర్చుని అసలు క్యూబు చేతిలోకి తీసుకుంది. తిప్పుతుంటే తల మీద భవనం గిర్రున తిరుగుతోంది. ఇళ్ళు ఒక్కొక్కటే చోటు వెతుక్కుని కూర్చుంటున్నాయి. ఇక అయిపోయినట్టే అనుకునేసరికి ఒక్క మూలముక్క మిగిలింది. చోటు సరైనదే, రంగులు మాత్రం పక్కకి తిరిగి ఉన్నాయి. అది వాళ్ళ ఇల్లే.

చెడగొట్టి మళ్ళీ మొదట్నుంచి కలిపింది. అదే ముక్క. మూడోసారీ అదే. అంతస్తుల్లోంచి కేకలు మొదలయ్యాయి: "టేపక్కా, మా పిల్లకి కళ్ళు తిరుగుతున్నాయి!"

క్యూబు సంచిలో వేసుకుని బొమ్మల కొట్టుకి పరిగెత్తింది. వెనకాల భవనం ఆమె నడకకి కొంచెం ఊగింది. కొట్టాయన అటూ ఇటూ తిప్పి చూసి నొసలు చిట్లించాడు.

"ఇది తిప్పడం వల్ల వచ్చే తేడా కాదమ్మా. ఎన్ని లక్షల సార్లు తిప్పినా ఒక్క మూల ఒంటరిగా మెలిక పడదు. ఎవరో కావాలని చేత్తో మెలిపెట్టారు."

తిప్పీ తిప్పీ ఇంటికి వచ్చిన అవిటి అనుకుంది టేపక్క ఇన్నాళ్ళూ. ఇది ఎవరో చేసిన పనా? ముప్పై ఒక్కేళ్ళు కిటికీలెక్కి దూకడం, మోకాళ్ళు చెక్కుకుపోవడం, పెళ్ళిచూపులకని వచ్చిన రెండు కుటుంబాలవాళ్ళు గుమ్మం కనపడక వెనక్కి పోవడం. అన్నీ ఎవరో మహానుభావుడి చేతిపనే!

ఇంటికొచ్చి మెడలో టేపు తీసి గిరాటేసింది. అమ్మ వంటింట్లో గిన్నెలన్నీ మంచం మీదకి చేరుస్తోంది. నాన్న కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు.

"నాన్నా, ఎవడో పనిగట్టుకుని మన ఇంటిని మెలిపెట్టాడట! వాడి చేతులు పడిపోను! వాడు—"

"అలా తిట్టకమ్మా" అన్నాడు నాన్న. "ఆ చేతులు నీవే."

టేపక్క నవ్వబోయింది. ఆయన నవ్వలేదు.

"నీకప్పుడు ఏడేళ్ళు. నాకు వేరే ఊళ్ళో వేరే మనిషి ఉండేది తల్లీ. వెళ్ళిపోదామనుకున్నాను. మీ అమ్మ స్నానానికి వెళ్ళిన టైము చూసి పెట్టె పట్టుకుని తలుపు తీశాను. ఎదురుగా నడవా లేదు, ఒక కాలు గాల్లో పెట్టాను కూడా. కిందకి చూస్తే, వీధి మెట్ల మీద నువ్వు. నేను పెట్టె సర్దడం చూసినట్టున్నావు, రెండు చేతుల్తో క్యూబు పట్టుకుని నన్నే చూస్తున్నావు."

టేపక్క చేతులు ఆమె ప్రమేయం లేకుండానే దగ్గరకొచ్చాయి. కటుక్కుమన్న చప్పుడు గుర్తొచ్చింది. బొమ్మ విరిగిందేమో, వాచ్‌మన్ తంతాడేమో అని భయపడి సంచిలో పడేసి పారిపోవడం గుర్తొచ్చింది. ఎందుకు మెలిపెట్టిందో మాత్రం అప్పుడే మర్చిపోయింది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం నాన్నా? చెబితే ఏనాడో బాగుచేసుకునేవాళ్ళం!"

"మొదట్లో నామీద నాకు నమ్మకం లేదు. గుమ్మం ఉంటే వెళ్ళిపోతానేమోనని. తర్వాత సిగ్గు. నువ్వు కిటికీ ఎక్కిన ప్రతిసారీ చెప్పాలనే అనుకునేవాణ్ణి."

టేపక్కకి నాన్న మీద కోపమో, జాలో, ఆ ఏడేళ్ళ పిల్ల మీద ఏడుపో తేలలేదు. క్యూబు సంచి తీసుకుని, పక్కింటి వంటగదిలోంచి కిందికి దిగింది. "మెలిక తీశాక నాన్న వెళ్ళిపోతేనో?" అని లోపల ఏడేళ్ళ పిల్ల అడుగుతూనే ఉంది. ఆమె గంట తనే కొట్టి, ఆ మూలముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని బలంగా తిప్పింది.

కటుక్కుమంది. పైన ఎక్కడో గిన్నెలు దొర్లాయి. క్యూబుకి ఆరు వైపులా ఆరు రంగులు నిండుగా నిలబడ్డాయి.

రెండేసి మెట్లు ఎక్కుతూ మూడో అంతస్తు చేరింది. నడవా చివర, ఎప్పుడూ గోడ ఉండే చోట, వాళ్ళ తలుపు. నాన్న అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆయన కుడికాలు బయట పెట్టాడు. నేల తగిలింది. రెండో కాలూ పెట్టాడు. మెట్ల దాకా నడిచాడు. కూతురి పక్కనుంచే వెళ్ళాడు గానీ ఆమెని చూసినట్టు లేదు. మెట్ల దగ్గర చాలాసేపు కిందికి చూస్తూ నిలబడ్డాడు. టేపక్క ఆపాలనుకుంది గానీ ఆపలేదు.

ఆయన వెనక్కి తిరిగాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా వేళ్ళతో మెల్లగా తట్టాడు.

"ఎవరూ?" అంది అమ్మ వంటింట్లోంచి.

"నేనే. లోపలికి రావచ్చా?"

గిన్నె దించిన చప్పుడైంది. తర్వాత అమ్మ గొంతు, రోజూ ఉండే గొంతే, వినిపించింది: "ఆవేళ పెట్టెలోంచి మీ చొక్కాలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టిందెవరనుకున్నారు? రండి. వచ్చేటప్పుడు తలుపేసి రండి."

నాన్న లోపలికెళ్ళి తలుపు వేశాడు. టేపక్క నడవాలోనే ఉండిపోయింది. కిటికీలకే అలవాటుపడ్డ ఆమెకి తలుపు తట్టాలని చాలాసేపటిదాకా తోచలేదు.