మంత్రిగారి రెండో చావు

రాజారావుకి జన్మకో కోరిక ఉంది. స్టేజి మీద తను చచ్చిపడితే జనం 'వన్స్ మోర్' అనాలి, తను లేచి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. తెనాలిలో వాళ్ళ నాన్న ఒకే నాటకంలో మూడుమాట్లు చచ్చిన ఘనుడు. కొడుకేమో సింగపూర్ వచ్చి, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు చస్తాయిట, వాటిని బతికించే ఉద్యోగంలో పడ్డాడు.

ఇన్నాళ్ళకి ఉగాది సభలో వేషం దొరికింది. కృష్ణుడో అర్జునుడో కాదండోయ్, చైనా మంత్రి! సింగపూర్‌లోనే క్లెమెంటి పేటలో రాజారావు దంపతులకి గది అద్దెకిచ్చిన టాన్ అంకుల్ ముత్తాతల్లో ఒకాయన చక్రవర్తి కొలువులో మంత్రి. కరువులో పన్నులేమిటని ముఖం మీదే అడిగినందుకు, ముసలితనంలో ఎక్కడో సముద్రం ఒడ్డుకి తరిమేశారు. పెద్దాయన అలిగి కూర్చోలేదు, అక్కడ కాలవలు తవ్వించాడు. ప్రభువు మనసు మారి తిరిగి రమ్మని కబురు పంపితే, అది చేరేసరికి ప్రాణం పోయింది. ఏటా పెద్దలకి అన్నం పెట్టేటప్పుడు టాన్ అంకుల్ వాళ్ళ నాన్న "ఆయన ఆ కబురు వినలేదురా, వినలేదు" అని ఏడ్చేవాడట.

యూనివర్సిటీలో పరిశోధన చేసే ఉపేంద్ర ఈ కథకి పద్యాలు కట్టి, దూత వేషం తనే వేసుకున్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు.

"వన్స్ మోరూ గిన్స్ మోరూ లేవండీ. టాన్ అంకుల్ ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ళ పెద్దాయన శవం లేచి పాడితే ఎంత అవమానం! లేవనని ఒట్టెయ్యండి."

రాజారావు ఒట్టేశాడు. "ఆ ముచ్చటా చూద్దాం," అని భార్య తారాదేవి నవ్వింది.

సభ రోజు రాజారావు పద్యం ఎత్తుకుంటే హాలు హోరెత్తిపోయింది. చివరి రాగం తీసి కాలవగట్టు మీద ఒరిగి ప్రాణం విడిచాడు. అప్పుడు దూత పరుగెత్తుకొచ్చి, "మంత్రివర్యా, ప్రభువులు మన్నించారు, రాజధానికి రమ్మన్నారు!" అంటూ శవం పక్కన కూలబడ్డాడు. తెర పడాలి. పడేలోపే కేక లేచింది.

"వన్స్ మోర్!"

అయ్యో దేవుడా! పుట్టాక ఇంత తియ్యటి మాట రాజారావు వినలేదు. కాలి బొటనవేలు దానంతటదే కదిలింది.

"లేచారంటే చంపేస్తా," అన్నాడు ఉపేంద్ర పళ్ళ బిగువున.

చచ్చినవాణ్ణి వీడేం చంపుతాడు? అయినా ఒట్టు ఒట్టే. రాజారావు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది.

"వై దే షౌట్?" అని ముందు వరసలో టాన్ అంకుల్ సింగపూర్ యాస ఇంగ్లీషులో తారాదేవిని అడిగాడు.

లేచి మళ్ళీ పాడమంటున్నారనీ, మా నాటకాల్లో చచ్చినవాళ్ళు లేస్తారనీ ఆవిడ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది.

ఆయన కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. "కెన్ గెటప్? దెన్ గెటప్ లా!"

ఇంకేం కావాలి! రాజారావు ఎగిరి లేచి, గొంతు సవరించుకుని చెయ్యెత్తాడు.

"డోంట్ సింగ్ ఫస్ట్!" టాన్ అంకుల్ దూత వైపు కర్ర చూపించాడు. "యూ! టెల్ హిమ్!"

"ఆల్రెడీ టోల్డ్, అంకుల్," అన్నాడు ఉపేంద్ర తెల్లబోయి.

"దట్ టైమ్ హీ డెడ్. హౌ టు హియర్?"

హాల్లో కేకలు ఆగిపోయాయి. ఉపేంద్ర మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చెప్పాడు. "మంత్రివర్యా, ప్రభువులు మన్నించారు. రాజధానికి రమ్మన్నారు."

రాజారావు టాన్ అంకుల్ ముఖం చూశాడు. ఎత్తిన చెయ్యి దించేశాడు. గొంతుదాకా వచ్చిన పద్యాన్ని మింగేసి, "విన్నాను," అన్నాడు. ముసలాయనకి తెలుగు రాదు కదా, ఆయన వైపు తిరిగి, "ఐ హర్డ్, అంకుల్," అని కూడా అన్నాడు. మళ్ళీ గట్టు మీద ఒరిగి ప్రాణం విడిచాడు.

జనం మళ్ళీ వన్స్ మోర్ అన్నారు. ఈసారి ఎవరూ ఒట్టు వేయించుకోలేదు. అయినా రాజారావు లేవలేదు.